లెక్కకు రాని చేతులు

వీడియో గేమ్ కన్సోళ్ళ చరిత్ర ఎవరు రాసినా దాదాపు ఒకే రకం పట్టికతో మొదలుపెడతారు. యంత్రం పేరు, బజారులోకి వచ్చిన సంవత్సరం, ఎన్ని అమ్ముడుపోయాయన్న అంకె. సోనీ ప్లేస్టేషన్ 2 - 2000 - 16 కోట్లకు పైగా. నింటెండో డీఎస్ - 2004 - 15 కోట్ల 40 లక్షలు. నింటెండో స్విచ్ - 2017 - 15 కోట్లు దాటాయి. గేమ్ బాయ్ - 1989 - తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపి 11 కోట్ల 86 లక్షలు. ఏ రాజు ఏ రాజ్యాన్ని ఎప్పుడు గెలిచాడో బళ్ళో బట్టీ పట్టించినట్టు, ఏ కంపెనీ ఏ కంపెనీని ఎన్ని కోట్ల తేడాతో ఓడించిందో ఈ చరిత్ర మనకి చెబుతుంది.

ఈ అంకెలన్నీ మా తమ్ముడికి కంఠతా వచ్చు. వాడు హార్డ్‌వేర్ ఇంజినీరు. పాత కన్సోళ్ళు కొని, బాగుచేసి, అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు. అమ్మ సంవత్సరీకానికి అందరం కలిసినప్పుడు ఎవరో ఆ బీరువా ప్రస్తావన తెస్తే, "మన ఇంట్లో ఈ గేమ్‌ల పిచ్చి నాకొక్కడికే. అక్క ఏదో నాకు తోడు కూర్చునేది. అమ్మకైతే అవేంటో కూడా తెలీదు" అన్నాడు. వాడి మాటలో చెడు ఉద్దేశం ఏమీ లేదు. నాన్న తలూపాడు. ఎవరూ కాదనలేదు.

అమ్మకి తెలుసు. అమ్మ ఆడేది. వాడికన్నా బాగా ఆడేది. పోయిన ఏడాదికే ఆమె జీవితంలోంచి ఆ ముక్క ఇంత తేలిగ్గా ఎలా ఎగిరిపోయిందా అని ఆలోచిస్తూ పోతే, కన్సోళ్ళ చరిత్ర మొత్తాన్ని ఇంకో వైపు నుంచి చదవాల్సి వచ్చింది. తమ్ముడు చెప్పే అంకెలనే తీసుకుని, అవి దేన్ని లెక్కపెడుతున్నాయి, దేన్ని వదిలేస్తున్నాయి అని అడగడం మొదలుపెట్టాను.

'అమ్ముడుపోయినవి' అన్న అంకెకి చాలాసార్లు అసలు అర్థం, కంపెనీ నుంచి దుకాణాలకి చేరిన పెట్టెలు అని. అంటే అది ఆటగాళ్ళ లెక్క కాదు సరికదా, కొన్నవాళ్ళ లెక్క కూడా కచ్చితంగా కాదు. ఇక పెట్టె ఒక ఇంటి గుమ్మం దాటాక లోపల ఏం జరిగిందో దానికి పట్టదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి చేతికి ఎప్పుడూ రాలేదు, ఎవరు పనులన్నీ తెముల్చుకున్నాక పావుగంట ముట్టుకున్నారు - ఇవేవీ అందులోకి రావు. జనాభా లెక్కలవాళ్ళు ఇంటి పెద్ద పేరు రాసుకుని, పొద్దున్నుంచీ రాత్రిదాకా చాకిరీ చేసే మనిషిని 'పని లేదు' వరసలో వేసెయ్యడం మనకి కొత్త కాదు. పనికే లెక్క దొరకని చోట, ఆడవాళ్ళ ఆటకి లెక్క ఎక్కడ దొరుకుతుంది?

మా ఇల్లయితే ఆ పట్టికలోకి పెట్టె రూపంలో కూడా ఎక్కలేదు. 1993 వేసవిలో నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న వీడియో గేమ్ అసలుది కాదు, నకలు. అప్పట్లో మన ఊళ్ళల్లో దాన్ని ఎవరూ కన్సోల్ అనేవారు కాదు. 'టీవీ గేమ్' అనేవాళ్ళం. అందులో పెట్టేది క్యాసెట్. చేత్తో పట్టుకునేది రిమోట్. గేమ్ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టడం అన్ని ఇళ్ళల్లో ఒకటే వైద్యం. ఆ యంత్రానికి మూలం జపాన్‌లో నింటెండో 1983 జులై 15న విడుదల చేసిన ఫ్యామికామ్ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దాని ధర 14,800 యెన్లు. అదే 1985లో రూపం మార్చుకుని ఎన్ఈఎస్ పేరుతో అమెరికా వెళ్ళింది. రెండూ కలిపి 6 కోట్ల 19 లక్షలు అమ్ముడుపోయాయని కంపెనీ లెక్క. ఆ యంత్రంలోని చిప్‌లన్నింటినీ ఒక్క ముక్కలోకి కుదించి, పైన నల్లటి జిగురు బొట్టు పెట్టి తయారుచేసిన చవకరకం నకళ్ళు మనలాంటి దేశాలకి వచ్చాయి. మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఒక తరం పిల్లల బాల్యం వాటితోనే గడిచింది. కంపెనీ లెక్కలో మాత్రం మేమెవ్వరం లేము.

ఫ్యామికామ్‌కి రెండు రిమోట్లుండేవి. వాటి తీగలు యంత్రం వెనక నుంచి విడదీయడానికి వీల్లేకుండా వచ్చేవి. మొదటి రిమోట్ మీద 'స్టార్ట్', 'సెలెక్ట్' అనే మీటలుంటాయి. రెండోదాని మీద ఉండవు. బదులుగా అందులో ఒక చిన్న మైకు పెట్టారు. మా నకలులో ఆ మైకు కూడా లేదు. అంటే రెండో రిమోట్ పట్టుకున్న మనిషి ఆట మొదలుపెట్టలేదు, మధ్యలో ఆపలేదు, ఏ ఆట ఆడాలో ఎంచుకోలేదు. ఖర్చు తగ్గించుకోడానికి తీసుకున్న ఇంజినీరింగు నిర్ణయమే అయుండొచ్చు. కానీ ఇద్దరు మనుషుల ముందు ఆ రెండు రిమోట్లూ పెట్టినప్పుడు ఏది ఎవరికి దక్కుతుందన్నది ఇంజినీరింగు తేల్చదు, ఇల్లు తేలుస్తుంది. నేను తమ్ముడికన్నా మూడేళ్ళు పెద్దదాన్ని. అయినా మొదటి రిమోట్ వాడిదే అని ఎవరూ చెప్పకుండానే ఖరారైపోయింది. మారియో ఆటలో వాడు చచ్చిపోయేదాకా నాకు వంతు రాదు. కాంట్రాలో ఇద్దరం కలిసి కాల్చుకుంటూ పోతాం. ఒకరి ప్రాణాలు అయిపోతే రెండోవాళ్ళ ప్రాణాల్లోంచి ఒకటి తీసుకునే వీలుంది అందులో. వాడు తీసుకునేవాడు. "ఇచ్చెయ్యవే, చిన్నవాడు కదా" అనేది నాయనమ్మ. అన్నం మెతుకుల దగ్గర్నుంచి ఆస్తి దాకా విన్న మాటే కాబట్టి నాకు వింతగా అనిపించలేదు.

అయినా ఆ యంత్రం మీద నాకు చెప్పలేనంత ఇష్టం ఉండేది. లోపల ఏముందో చూడాలనుండేది. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే, "ముట్టుకోకు, షాక్ కొడుతుంది" అనేవారు నాన్న. తమ్ముడు పట్టుకుంటే ఊరుకునేవారు. కరెంటుకి ఈ తేడా ఎలా తెలుస్తుందో అప్పుడు అడగాలని తోచలేదు.

ఒకసారి ఉన్నట్టుండి యంత్రం పనిచేయడం మానేసింది. వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి మా చిన్నమ్మ వచ్చివుంది. ఆమె ఓ టీవీల కంపెనీలో బోర్డుల మీద సాల్డరింగ్ చేసేది. తమ్ముడు విప్పిపెట్టిన యంత్రాన్ని కళ్ళజోడు సర్దుకుని ఒక్క నిమిషం చూసి, "అడాప్టర్ పిన్ను దగ్గర డ్రై సాల్డర్ రా" అంది. పక్కింటి రేడియో మెకానిక్ దగ్గర్నుంచి సాల్డరింగ్ ఐరన్ తెప్పించి, తమలపాకుకి సున్నం రాసినంత తేలిగ్గా ఓ చుక్క పెట్టింది. గేమ్ వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు చెప్పుకునే కథ ప్రకారం, పదేళ్ళ వయసులోనే మా తమ్ముడు వీడియో గేమ్ విప్పి బాగుచేశాడు. వాడు ఇంజినీరవుతాడని అప్పుడే తెలిసిపోయిందట!

చిన్నమ్మ చేతుల్లాంటి చేతులు ఈ పరిశ్రమ పునాదిలోనే ఉన్నాయి. క్యాసెట్లు మార్చుకునే మొదటి కన్సోల్ 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. దాని వెనక ఉన్న నల్లజాతి ఇంజినీరు జెర్రీ లాసన్ పేరు చరిత్రలోకి ఎక్కడానికే దశాబ్దాలు పట్టింది. అదే ఫెయిర్‌చైల్డ్ కంపెనీ అంతకుముందు, 1965 నుంచి 1975 దాకా, న్యూ మెక్సికోలోని షిప్‌రాక్ అనే చోట నవాహో ఆదివాసుల ప్రాంతంలో చిప్‌ల కర్మాగారం నడిపింది. ఒక దశలో అక్కడ వెయ్యిమందికి పైగా పనిచేశారు. అత్యధికులు నవాహో స్త్రీలు. కంపెనీ తన ప్రచార పుస్తకంలో ఆ స్త్రీలు నేసే కంబళ్ళ అల్లికనీ సర్క్యూట్ల గీతలనీ పక్కపక్కన పెట్టి చూపించింది. నేత వాళ్ళ రక్తంలో ఉంది కాబట్టి ఈ సన్నపని వాళ్ళకి సహజంగా అబ్బుతుందని చెప్పడం దాని ఉద్దేశం. 2014లో లీసా నకమురా రాసిన వ్యాసం ఈ సంగతిని వివరంగా బయటపెట్టింది. సహజంగా వచ్చే పని అనేస్తే నైపుణ్యానికి కూలి కట్టక్కర్లేదు. ఇది మన బీడీలు చుట్టే, లేసు అల్లే ఆడవాళ్ళందరికీ తెలిసిన లెక్కే.

ఆ తర్వాత కథ కూడా మనకి తెలిసిందే. 1983 ఫిబ్రవరిలో అటారీ కంపెనీ కాలిఫోర్నియాలో 1,700 మందిని పనిలోంచి తీసేసి, తయారీని హాంకాంగ్‌కీ తైవాన్‌కీ తరలిస్తున్నట్టు ప్రకటించింది. చవకగా దొరికే చేతుల కోసం యంత్రాల తయారీ సముద్రాలు దాటింది. 2012లో చైనాలోని యాంటాయ్‌లో, నింటెండోకి తయారుచేసే ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 14 ఏళ్ళ పిల్లలు 'ఇంటర్న్‌ల' పేరుతో పనిచేస్తున్నారని ఆ కంపెనీయే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2015లో అదే ఫాక్స్‌కాన్ తడ దగ్గరి శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలే అక్కడ అత్యధికులు. ఇవాళ మన దేశంలో ఎక్కువమంది ఆడేది ఫోన్‌లోనే కాబట్టి, మన గేమ్ యంత్రాలు ఇప్పుడు తెలుగు ఆడపిల్లల చేతుల మీదుగా వస్తున్నాయనొచ్చు. ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పే పట్టికలో ఎవరు చేశారన్న వరస అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

చేసినవాళ్ళ సంగతి అలా ఉంటే, ఆడేవాళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడు మాయమయ్యారన్నది ఇంకో ప్రశ్న. ఆటలు 'మగపిల్లల వ్యవహారం' కావడం మొదటి నుంచీ ఉన్నది కాదు. ఇంట్లో టీవీకి తగిలించుకునే మొదటి గేమ్ యంత్రం మాగ్నవాక్స్ ఒడిసీ 1972లో వచ్చింది. రాల్ఫ్ బేర్ రూపకల్పన. దానికి శబ్దం లేదు, తెర మీద రంగుల బొమ్మల్లేవు. టీవీ అద్దానికి రంగుల ప్లాస్టిక్ కాగితం అంటించుకుని ఆడుకోవాలి. దాన్ని అమ్మింది టీవీల దుకాణాల్లో. 1975లో అటారీ ఇంటి 'పాంగ్' సియర్స్ దుకాణాల ద్వారా బజారుకొచ్చింది. ఆ ఒప్పందం చేసుకున్నది క్రీడా సామగ్రి విభాగం. 1977లో వచ్చిన అటారీ 2600 మూడు కోట్ల దాకా అమ్ముడుపోయింది. అప్పటి ప్రకటనల్లో తాతలు, మామ్మలు, తల్లులు, కూతుళ్ళు అందరూ ఆడుతూ కనిపిస్తారు.

అటారీలో 1978లో చేరిన కరోల్ షా తొలితరం మహిళా గేమ్ రూపకర్తల్లో ఒకరు. బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ చదువుకుంది. కంపెనీ అధ్యక్షుడు ఒకసారి ల్యాబ్‌కొచ్చి, ఇన్నాళ్ళకి మనకో ఆడమనిషి దొరికింది, ఇక సౌందర్య సాధనాల రంగులు కలిపే గేమ్‌లూ ఇల్లు అలంకరించే గేమ్‌లూ చేస్తుందన్న ధోరణిలో మాట్లాడాడని ఆమె చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో గుర్తుచేసుకుంది. ఆమె చేసింది యుద్ధవిమానాల ఆట. 1982లో యాక్టివిజన్ కంపెనీకి రాసిన 'రివర్ రెయిడ్' పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అటారీ 2600లో ఉండే పని జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఇప్పటి లెక్కలో తెలుగు వాక్యం ఒక్కటి కూడా అందులో సరిగా పట్టదు. అంత ఇరుకులో, నది మొత్తాన్ని దాచిపెట్టుకోకుండా ఆడుతున్నకొద్దీ సూత్రం ప్రకారం పుట్టుకొచ్చేలా ఆమె రాసింది. ఉన్న కాస్తలో ఇల్లు గడపడం గురించి ఆ అధ్యక్షుడికి ఏమీ తెలిసినట్టు లేదు.

మలుపు 1983లో వచ్చింది. అవసరానికి మించి తయారైన నాసిరకం ఆటలతో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. ఏడాదికి 320 కోట్ల డాలర్ల వ్యాపారం 1985కల్లా 10 కోట్లకి పడిపోయింది. అటారీ తన సరుకుని న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వితే క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి. ఆ పతనం తర్వాత వీడియో గేమ్ అన్న మాట వింటేనే దుకాణదారులు తలుపులు వేసుకుంటున్న రోజుల్లో, నింటెండో తన ఎన్ఈఎస్‌ని ఒక చిన్న రోబోతో, బొమ్మ తుపాకీతో కలిపి 'ఆటవస్తువు'గా అమ్మింది. వ్యాపారపరంగా అది గొప్ప ఎత్తుగడ. కానీ అమెరికా బొమ్మల దుకాణంలో ప్రతి వస్తువూ రెండు దారుల్లో ఏదో ఒక దాంట్లో కూర్చోవాలి - ఆడపిల్లల గులాబిరంగు దారి, లేదంటే మగపిల్లల దారి. రోబో, తుపాకీ ఎటు వెళ్ళాయో చెప్పక్కర్లేదు. ఒక దుకాణంలోని అరల అమరిక ఒక తరం అభిరుచుల్ని నిర్ణయించింది.

దాని ప్రభావం ఆటతోనే ఆగలేదు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకునేవాళ్ళలో స్త్రీలు 1984 ప్రాంతంలో 37 శాతం దాకా ఉండేవాళ్ళు. తర్వాత ఆ వాటా తగ్గుతూ పోయి సగానికి చేరింది. కారణాలు చాలా ఉంటాయి. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఒకటి నాకు చాలా దగ్గరగా అనిపించింది. కుటుంబాలు కంప్యూటర్ కొంటే దాన్ని తరచుగా కొడుకు గదిలో పెట్టేవాళ్ళట. మన దగ్గర ఇంజినీరింగు కాలేజీల్లో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు, నిజమే. కానీ ఇంట్లో యంత్రం ఏ గదిలో ఉంది, దాన్ని విప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు బెజవాడలోనూ అవే.

ఇక్కడ నాకు అన్నింటికన్నా ఎక్కువ చెప్పిన అంకెల దగ్గరికొస్తాను. 1995లో నింటెండో అమెరికా శాఖ తన యంత్రాల మీద ఆడేవాళ్ళలో స్త్రీల వాటా ఎంతో చెప్పింది. టీవీకి తగిలించే ఎన్ఈఎస్ మీద 29 శాతం. దాని తర్వాతి తరం సూపర్ ఎన్ఈఎస్ మీద 14 శాతం. చేతిలో పట్టే గేమ్ బాయ్ మీద 46 శాతం. పేరులోనే 'బాయ్' ఉన్న యంత్రం మీద ఆడినవాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళు! తయారుచేసినవాళ్ళు ఒకరే, కాలం దాదాపు ఒకటే, దేశం ఒకటే. ఇంత తేడా ఎందుకు?

హార్డ్‌వేర్ చరిత్రలో గేమ్ బాయ్‌ని వెనకబడిన యంత్రంగా చెబుతారు. రంగుల్లేవు, తెర వెనక వెలుగు లేదు. గున్‌పెయ్ యోకోయ్ బృందం పాతబడి చవకైన భాగాలతోనే దాన్ని చేసింది. కాబట్టే నాలుగు పెన్సిల్ సెల్స్‌తో గంటల తరబడి నడిచేది. దాంతోపాటు అమెరికాలో ఇచ్చిన ఆట, 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ చేసిన టెట్రిస్. వీటిని ఒకచోట పెట్టి చూస్తే నాకు జవాబు కనబడుతుంది. టీవీ గేమ్ ఆడాలంటే ముందు టీవీ కావాలి. టీవీ ఉండేది హాల్లో. హాలు ఎవరిది? వార్తలు ఎవరివి, క్రికెట్ ఎవరిది? హాల్లో రెండు గంటలు కాళ్ళు చాపుకుని కూర్చోగలిగే మనిషి ఎవరు? చేతిలో పట్టే యంత్రానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టెట్రిస్‌కి ముక్కలుగా దొరికే కాలం చాలు. ఆడవాళ్ళకి తీరిక ఎప్పుడూ ముక్కలుగానే దొరుకుతుంది. సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లోనే అడిగింది. ఆ గది ఇంకా రాని ఇళ్ళల్లో అరచెయ్యంత తెర కొంత పని చేసిపెట్టింది.

ఇది నేను పుస్తకాల్లోంచి తెచ్చుకున్న జవాబు కాదు. మా వంటింట్లో చూసింది. గేమ్ బాయ్ కొనే స్తోమతు మాకు లేదు. కానీ మన ప్రతి తిరునాళ్ళలోనూ, ప్రతి ఫ్యాన్సీ దుకాణంలోనూ 'బ్రిక్ గేమ్' అని ఒకటి దొరికేది. టెట్రిస్‌కి చవక నకలు. 9999 ఆటలున్నాయని అట్ట మీద రాసేవాడు. నిజానికి ఇటుకలు పేర్చడమే. తమ్ముడు నాలుగు రోజులు ఆడి పక్కన పడేశాడు. అది ఎప్పుడో, ఎలాగో పోపుల డబ్బా పక్కకి చేరింది.

కుక్కర్ మూడో కూత వచ్చేలోపు, పాలు పొంగేలోపు, మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీసేలోపు అమ్మ ఆడేది. గట్టు మీద ఒక మోచెయ్యి ఆనించి, నిలబడే ఆడేది. కూర్చుంటే పని లేనట్టు కనిపిస్తుందని. శబ్దం రాకుండా ముందే మీట నొక్కేసేది. ఎవరైనా లోపలికొస్తే దాన్ని చెంగు కిందకి లాగేసేది. సెల్స్ అయిపోతే పాలచీటీ డబ్బుల్లో మిగిల్చి నాచేత తెప్పించేది, "నాన్నకి చెప్పకే" అని. ఇటుకలు దబదబా పడిపోతున్నప్పుడు ఆమె మొహం పూర్తిగా మారిపోయేది. చూపు నిలిచిపోయేది. ఎవరి అమ్మా ఎవరి కోడలూ కాని మనిషిని నేను ఆమెలో అప్పుడు చూశాను. ఒకరోజు తెర మీద అంకె చూపించి, "ఇంతకన్నా పైకి వెళ్తే ఏమొస్తుందే?" అని అడిగింది. ఆ అంకె దగ్గరికి నేనూ తమ్ముడూ ఎప్పుడూ పోలేదు.

బాధ అనిపించేది ఆమె ఎక్కువసేపు ఆడలేకపోవడం ఒక్కటే కాదు. తన సంతోషాన్ని దొంగసొత్తులా దాచుకోవాల్సి రావడం. అంత బాగా దాచింది కాబట్టే, ఆమె పోయాక "అమ్మకి అవేంటో తెలీదు" అనడం అంత సులువైంది. దాచుకోమన్నదీ మనమే, దాచుకున్నది లేదన్నదీ మనమే.

కంపెనీలకి ఈ ఆడవాళ్ళ ఉనికి తెలియక కాదు. ఫ్యామికామ్ రూపకర్త మసయుకి ఉయెమురా, ఆ పేరు సూచించింది తన భార్యేనని చెప్పాడు. మారియో సృష్టికర్త షిగెరు మియామొతో 2007లో ఒక సభలో మాట్లాడుతూ, ఆటలంటే పడని తన భార్యకి ఏ ఆట మీద ఎంత ఆసక్తి కలుగుతోందో చూసి దాన్నొక కొలబద్దగా పెట్టుకున్నానని సరదాగా వివరించాడు. అంతకుముందు ఏడాది, 2006లో, వచ్చిన వీ అనే యంత్రం ఆటలు ఆడని తల్లుల్నీ పెద్దవాళ్ళనీ కూడా చేరింది. 10 కోట్ల 16 లక్షలు అమ్ముడుపోయింది. ఒకామె పేరు పెట్టింది, ఇంకొకామె కొలత అయింది. హార్డ్‌వేర్ చరిత్రలో ఇద్దరూ 'భార్య' అన్న మాటగానే మిగిలారు.

మన దగ్గర కథ మలుపు తిరిగింది ప్లేస్టేషన్ 2 రోజుల్లో. కొనలేని పిల్లలు గంటకింత అని ఇచ్చి ఆడే పార్లర్లు మా కాలేజీ పక్క సందులోనూ వచ్చాయి. నేనూ నా స్నేహితురాలూ ఒకసారి మెట్లెక్కాం. లోపల ఆటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాతిక మంది మగపిల్లలు తలలు తిప్పి చూశారు. కౌంటర్లో అతను, "ఎవరి కోసమమ్మా?" అన్నాడు. ఆడటానికి అని చెప్పినా అతనికి అర్థం కాలేదు. 2009లో ఆ యంత్రానికే, పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి కన్సోల్ ఆటగా 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. చేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. మన ఊరి నుంచి ఒక ఆట ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన యంత్రంలోకి వెళ్ళిందని నాకూ గర్వంగానే ఉంది. పేరులో 'బాయ్' మాత్రం అక్కడా తప్పలేదు.

నేనిప్పుడు పాఠం చెప్పే మహిళా కళాశాలలో కిందటేడాది విద్యార్థినుల్ని ఓ పేజీ రాయమన్నాను. 'మీ ఇంట్లో మొదటి గేమ్ ఏది, ఎవరు ఆడారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు' అని. మొదట నవ్వారు. తర్వాత చాలాసేపు రాశారు. నాన్న ఫోన్‌లో, నాన్న నిద్రపోయాక ఆడిన పిల్ల ఉంది. అన్న లాక్ పెట్టిన ఫోన్ సంకేతాన్ని వేలిముద్రల మరకల్ని బట్టి కనిపెట్టిన పిల్ల ఉంది. వాళ్ళ అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం మిఠాయిలు పేలుస్తుందని, ఎవరైనా వస్తే వెంకటేశ్వర సుప్రభాతం పెట్టుకున్నానంటుందని ఒకమ్మాయి రాసింది. యంత్రాలు మారాయి, చెంగు కింద దాచుకోవడం ఇంకా మారలేదు.

తీరిక కూడా ఒక వనరు అనీ, దాన్ని ఇంట్లో ఎవరు ఎంత వాడుకుంటున్నారో చూస్తే ఆ ఇంటి అధికారం ఎటుందో తెలుస్తుందనీ మనం స్త్రీవాద చర్చల్లో చాలాసార్లు అనుకున్నాం. వంట గురించి, చదువు గురించి, పత్రికల గురించి ఆ దృష్టితో రాసుకున్నాం. ఆటని మాత్రం పిల్లచేష్టలుగా పక్కనపెట్టేశాం. ఆడవాళ్ళు చదివిన నవలల్ని కూడా ఒకప్పుడు ఇలాగే తీసిపారేశారన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ఈ చరిత్ర నుంచి అమ్మకాల అంకెల్ని తీసెయ్యమని నేననను. 46 శాతం అన్నది కూడా అంకే. అది లేకపోతే మా వంటింట్లో జరిగింది మా ఒక్క ఇంటి ముచ్చటగా మిగిలిపోయేది. పట్టికలో ఇంకో రెండు వరసలు గియ్యమంటాను. ఎవరు చేశారు? ఎవరి చేతిలో ఎంతసేపు ఉంది? వీటికి జవాబులు కంపెనీ నివేదికల్లో ఉండవు. వంటింటి గట్ల దగ్గర, కర్మాగారాల బస్సుల్లో, మధ్యాహ్నపు నిద్రల చాటున ఉంటాయి. తెలిసినవాళ్ళు ఇంకా చాలామంది బతికే ఉన్నారు. వెళ్ళి అడిగి రాసుకోవడమే మిగిలింది.